అమ్మను అడిగి రాయండి

ఇంగ్లీషులో రాసింది ఇంట్లో ఎవరికీ అర్థం కాదని నేను పాఠం చెప్పే పిల్లలకు గట్టి నమ్మకం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసు కాగితాల్లోనూ కన్నడ. ఇంగ్లీషు మాత్రం వాళ్ళ నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. నాన్న చదవలేడు, అమ్మ చదవలేదు, అన్న చదివినట్టు నటిస్తాడు. అందుకే ఆ పిల్లలు నోటుబుక్కుల్ని శనక్కాయ మూటల మీద తెరిచి పెట్టి నిశ్చింతగా నీళ్ళకు పోయేవాళ్ళు. వాళ్ళ కోపాలు, వాళ్ళ ఇష్టాలు, ఫలానా మామ ఇంటికొస్తే ఒళ్ళు మండడం, అన్నీ ఆ పేజీల్లో బాహాటంగా ఉండేవి.

నా నమ్మకమూ అదే. నిజం చెప్పాలంటే దాన్ని పెంచి పోషించింది నేనే. "మీ ఇష్టమొచ్చింది రాయండి, మీకూ నాకూ తప్ప ఎవరికీ అర్థం కాదు" అని క్లాసు మొదటి రోజే చెప్పేదాన్ని. అంత ధీమా నాకెక్కణ్ణుంచి వచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

అప్పటికి రెండువేల ఎనిమిది ప్రాంతం. కర్ణాటక వైపు సరిహద్దు ఊరు బాగేపల్లిలో ఒక ఎరువుల అంగడి పైన మా ట్యుటోరియల్, రెండు గదులు. కింద నుంచి మందుల వాసన, బయట హైవే మీద లారీల మోత. పీయూసీ, అంటే ఇంటర్ చదివే పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం, రాయడం నేర్పేవాళ్ళం. మేమంటే నేనూ, అక్కా. సొంత అక్క కాదు. ట్యుటోరియల్ ఆమెది, నాకంటే పదేళ్ళు పెద్దది. చింతామణి నుంచి డిగ్రీ కాగితం పట్టుకొని ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను పిలిచి, ఒక సుద్దముక్క చేతికిచ్చి, "పో, చెప్పు" అని క్లాసులోకి తోసిన మనిషి. మోపెడ్ మీద ఊరంతా చుట్టి వచ్చేది. గదులు అద్దెకిచ్చిన పెద్దాయన ఒకసారి, "మీ యాయన్ను పంపీమ్మా, మాట్లాడల్ల" అన్నాడట. "మాట్లాడేదానికి నేను చాలనా అప్పా?" అని అక్క అక్కడే కుర్చీ లాక్కొని కూర్చుందట. ఈ సంగతి నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అక్కలాంటి ఆడమనిషి కావాలని వాళ్ళకు చెప్పేదాన్ని, నేనూ మనసులో అనుకునేదాన్ని.

స్త్రీవాదం మా పాఠాల్లో లేదు. ఎవరూ చెప్పమననూ లేదు, నాకే దురద. ఒకరోజు ఆ పదం బోర్డు మీద ఇంగ్లీషులో రాసి, పక్కన కన్నడలో, తెలుగులో ఏమంటారో రాశాను. పన్నెండు మంది ఆడపిల్లలు తల ఎత్తకుండా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తి, "ఇది ఎన్ని మార్కులకు వస్తాది మేడం?" అంది. "సున్నా" అన్నాను. టపటపా పెన్నులు కింద పెట్టేశారు.

దాంతో పద్ధతి మార్చాను. అర్థాలు చెప్పడం మానేసి ప్రశ్నలు ఇచ్చాను. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు? మీ అంగడి బోర్డు మీద ఎవరి పేరుంది, అంగట్లో పొద్దంతా కూర్చునేది ఎవరు? బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారు? వచ్చీ రాని ఇంగ్లీషులోనే రాయండి, తప్పులు నేను దిద్దుతానన్నాను. ఇక చూడాలి, నోరు మెదపని పిల్లలు కూడా పేజీలకు పేజీలు నింపి తెచ్చారు. దిద్దలేక నా చేతులు పడిపోయేవి.

ఆ ఏడే పిల్లలకు ఇంటర్నెట్టు పిచ్చి పట్టింది. ఫోన్లలో కాదు, బస్టాండు వెనక బ్రౌజింగ్ సెంటర్లో. అందరూ ఒకే సైటులో చేరుతున్నారు, ఒకరి పేజీలో ఒకరు స్క్రాపులని చిన్న చిన్న కబుర్లు రాసుకుంటున్నారు. కొందరు మగపిల్లలు ఆడపిల్లల ఫోటోలు సంపాదించి, దొంగ పేర్లతో పేజీలు తెరిచి ఆడుకుంటున్నారని విన్నాను. వద్దంటే దొంగచాటుగా పోతారు, అదేదో దగ్గరుండి నేర్పితే మేలనుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని తీసుకుపోయి కుర్చీకి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టేదాన్ని. ఫోటో పెట్టొద్దు. ఊరి పేరు రాయొద్దు. తెలియనివాడు పలకరిస్తే పలకొద్దు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, కన్నతల్లి అడిగినా సరే. ఈ నాలుగూ పిల్లలు ఎక్కం మాదిరి అప్పజెప్పేవాళ్ళు. ఆ సైటులో మాకంటూ ఒక గుంపు తయారుచేశాను. పన్నెండు మంది పిల్లలూ నేనూ తప్ప బయటివాళ్ళకు అందులో రాసింది కనబడదు.

పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లోనూ మా క్లాసులు నడుస్తుండగా, ఒక ఇంటిపని ఇచ్చాను. మీ అమ్మను ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడగండి. ఆమె చెప్పింది ఇంగ్లీషులో రాసి గుంపులో పెట్టండి. చాలామంది, నీకిష్టమైన కూర ఏదని అడిగొచ్చారు. కొందరు తల్లులు దానికే జవాబు చెప్పలేక నవ్వేశారట. మిట్టేమరి నుంచి వచ్చే పిల్ల మాత్రం వేరే అడిగింది. "ఎవురికీ చెప్పకుండా నువ్వు చేసిన పని ఏందమ్మా?" అని.

ఈ పిల్ల గురించి కొంచెం చెప్పాలి. సెకండ్ పీయూసీ పరీక్షలు రాసి ఉంది. మిట్టేమరిలో వాళ్ళకు చిల్లర అంగడి ఉంది. సరుకు తేవడానికి తండ్రి బాగేపల్లికీ చిక్కబళ్ళాపురానికీ తిరుగుతుంటే, అంగట్లో కూర్చునేది తల్లి. పిల్లకు చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదవాలని ఆశ. పీయూసీ చాలులే అంటాడు తండ్రి. తల్లి మాత్రం ఆయన చెవిలో ఇల్లు కట్టుకొని పోరుతోంది. దాదాపు ఒప్పించిందని, కాలేజీ అర్జి తనే తెస్తానని కూడా అన్నాడని ఆ పిల్ల ఒకరోజు నాతో చెప్పి గంతులేసినంత పని చేసింది. ఆ ఇంట్లో ఆ పిల్ల తరఫున మాట్లాడే మనిషి తల్లి ఒక్కతే.

ఆ తల్లి కూతురికి చెప్పింది ఇదీ. పదహారేళ్ళ కిందట, ఈ పిల్ల తొమ్మిది నెలల బిడ్డగా ఉన్నప్పుడు, ఒక పొద్దున బిడ్డను అత్త దగ్గర పడుకోబెట్టి, గుడిబండె ఆస్పత్రికి పోయొస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరింది. గుడిబండెకు పోలేదు. బాగేపల్లికొచ్చి, హైవే మీద ఆగిన బస్సెక్కి, చిక్కబళ్ళాపురంలో దిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే పోవాలనిపించింది. బస్టాండులో సిమెంటు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఇంకా ముందుకు పోయే బస్సులు వచ్చాయి, పోయాయి. పాలు కారి జాకెట్టు తడిసిపోతే కొంగు కప్పుకుంది. తర్వాత లేచి, వెనక్కి వచ్చే బస్సెక్కింది. ఆస్పత్రిలో జనం ఎక్కువున్నారని ఇంట్లో చెప్పింది. ఎవరూ మళ్ళీ అడగలేదు. పిల్ల చివర ఇలా రాసింది: మా అమ్మ బస్టాండు దాకా పోయింది, నేను అదే ఊళ్ళో కాలేజీ దాకా పోతాను.

చదివి ఏడ్చాను. అందులో సగం గర్వం. ఇంత రాయించింది నేనే కదా అని. నాలుగు చోట్ల తప్పులు దిద్ది, చాలా బాగుందని కింద రాశాను. మర్నాడు క్లాసయ్యాక ఆ పిల్ల అందర్నీ పోనిచ్చి నా బల్ల దగ్గర నిలబడింది.

"మేడం, ఇది మన గుంపు దాటి పోదు గదా? మాయమ్మ నాకొక్కదానికే చెప్పింది."

"పోదు" అన్నాను. "నేనున్నాను కదా" అని కూడా అన్నాను.

మే నెలలో మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. వారం రోజులు చింతామణిలో ఉండాలి. శనివారం పిల్లలు గుంపులో రాసేది చూసి తప్పులు చెప్పడానికి ఎవరో ఒకరు కావాలి. నా పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి అక్క చేతిలో పెట్టాను. "మిట్టేమరి పిల్ల రాసింది చదువక్కా, మన ట్యుటోరియల్‌కే పేరు తెస్తుంది" అని గొప్పగా చెప్పి మరీ బస్సెక్కాను. కన్నతల్లి అడిగినా చెప్పొద్దన్న నా సూత్రం గుర్తుకే రాలేదు. అక్క పరాయి మనిషి అనిపిస్తే కదా గుర్తు రావడానికి.

వారం తర్వాత తిరిగొచ్చి బాగేపల్లి బస్టాండులో దిగాను. గోడ పొడుగునా పసుపు రంగు కరపత్రాలు అంటించి ఉన్నాయి. ట్యుటోరియల్ పేరు దూరం నుంచే కనబడింది. అడ్మిషన్ల కాలం కదా అనుకుంటూ, సంతోషంగానే దగ్గరికి పోయాను. మధ్యలో మిట్టేమరి పిల్ల ఫోటో. మా దగ్గర చేరినప్పుడు ఫారానికి అంటించిన ఫోటో, రెండు జడలతో. దాని కింద, మా విద్యార్థిని, మిట్టేమరి. ఎడమ పక్క ఆ పిల్ల ఇంగ్లీషు, నేను దిద్దిన ఇంగ్లీషు. కుడి పక్క, తల్లిదండ్రులకు అర్థం కావాలి కాబట్టి, కన్నడ. అక్క కన్నడ చాలా బాగా రాస్తుంది. ఒక్క వాక్యం కూడా వదిలిపెట్టలేదు. జాకెట్టు తడిసిన వాక్యాన్నీ వదల్లేదు.

ఇద్దరు మగవాళ్ళు నిలబడి చదువుతున్నారు. ఒకడు రెండోవాడికి పైకి చదివి వినిపిస్తున్నాడు. నేను వాళ్ళను తోసుకొని పోయి చింపడం మొదలుపెట్టాను. మైదా జిగురు ఎండకు గట్టిపడి, గోళ్ళు విరిగాయి గానీ కాగితం పూర్తిగా రాలేదు. వాళ్ళిద్దరూ నన్ను చూసి నవ్వారు. ఎన్ని గోడలున్నాయో, ఎన్ని పేపర్ల మడతల్లో పెట్టి ఇళ్ళకు పంపారో నాకు తెలియదు. చేతికొచ్చిన ముక్క పట్టుకొని మెట్లెక్కాను.

అక్క బల్ల మీద ఫారాలు సర్దుతోంది. "మీ యమ్మ కన్ను ఎట్లుండాది?" అని అడిగింది. మనసు పెట్టే అడిగింది, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేను కాగితం ముక్క చూపించాను.

"బాగొచ్చింది గదా?" అంది.

"ఎవర్ని అడిగి వేశావక్కా?"

"నువ్వే గదా చెప్పినావు, పేరు తెచ్చే పిల్ల అని. అయినా పేరు యాడ పెట్టినాను? ఆ పిల్ల పేరు లేదు, వాళ్ళమ్మ పేరూ లేదు. ఫోటో పెట్టినాను, అంతే."

"ఫోటో ఉంది, ఊరుంది. ఇంకేం మిగిలింది?"

"ఎందుకట్ల అరుస్తాండావు? ఆయమ్మ ఏం తప్పు చేసింది? పోయింది, వచ్చింది. ఆడది సిగ్గుపడకూడదని చెప్తాండేది నువ్వే గదా. గదిలో ఒక పాఠం, గోడ మీద ఒక పాఠమా?"

దానికి జవాబు నాకు ఇప్పుడైతే తెలుసు. సిగ్గుపడాలా వద్దా అన్నది ఆ తల్లి తేల్చుకోవాల్సిన సంగతి, అక్కది కాదు, నాదీ కాదు. అప్పుడు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. "నన్నొక మాట అడగొచ్చు కదా, ఫోనుంది కదా" అన్నాను.

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు."

తెలియక చేసింది పాపం అనుకోవడానికి నాకొక సందు మిగిలి ఉండింది. దాన్ని కూడా తనే మూసేసింది. "జూన్‌కు బ్యాచ్ నిండకపోతే ఈ గదులు వదలల్ల. నువ్వు చింతామణికి పోతావు. నేను యాడికి పోయేది?" అంది. ఆమె గొంతులో భయం ఉంది. జాలిపడాల్సింది, పడలేకపోయాను.

ఆ సాయంత్రమే బ్రౌజింగ్ సెంటర్‌కు పోయి గుంపును తీసేశాను. రెండు నిమిషాలు పట్టలేదు. అసలు అక్కడ బయటివాళ్ళెవరూ చూడనే లేదు. తెలియనివాళ్ళ గురించి ఆ పిల్లలకు వారాల తరబడి జాగ్రత్తలు చెప్పాను. తెలిసిన మనిషి గురించి ఒక్క పూట కూడా చెప్పలేదు. నా జీవితంలో నన్ను మోసం చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తిట్టుకొని మర్చిపోయాను. అక్కను మాత్రం మర్చిపోలేదు, క్షమించనూ లేదు. ఎవర్ని చూసి ధైర్యం నేర్చుకున్నానో ఆ మనిషే చేసింది.

చెప్పడానికి ఇష్టం లేకపోయినా ఇంకో సంగతి చెప్పాలి. ఆ కరపత్రం పట్టుకొని ఆ వారంలో ముగ్గురు తల్లులు మా మెట్లెక్కి వచ్చారు. ఒకామె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దాచుకొని తెచ్చింది. బయటికి తీసి, "మా పాపకు ఇట్ల రాసేది నేర్పిస్తారా మేడం?" అంది. అక్క నా వైపు చూసింది. నేను ఫారం ఇచ్చి బయటికి పోయాను. జూన్ బ్యాచ్ నిండింది. ఆ బ్యాచ్‌కు పాఠాలు చెప్పింది నేను కాదు.

కరపత్రాలు పడ్డప్పటి నుంచే మిట్టేమరి పిల్ల క్లాసుకు రావడం మానేసింది. రెండు మూడు రోజులు చూశాను. మొహం చెల్లక ఇంకో వారం గడిపాను. చివరికి ఒక మధ్యాహ్నం బస్సెక్కాను.

అంగడి ఊరి మధ్యలోనే ఉంది. తల్లి గల్లా దగ్గర కూర్చుని ఉంది. పక్కనే ముక్కాలి పీట మీద అత్త, ఆకు వక్క నములుతూ. నేనెవరో తెలిసినా ఆ పెద్దామె పీట మీద నుంచి కదల్లేదు. తల్లి మాత్రం లేచి, "రాండి మేడం" అని స్టూలు వేసి, సోడా కొట్టి ఇచ్చింది. నేననుకున్నదానికంటే చిన్న వయసు ఆమెది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో.

"తప్పు నాదమ్మా. మీ పాపది ఏమీ లేదు" అన్నాను.

"దానిదని నేనెప్పుడంటిని?" అంది. అత్త ఉందని గొంతు తగ్గించలేదు. దాచడానికి ఇంకేముంది. "మా యాయన సరుకుకని బాగేపల్లికి పోయింటే, ఆ బస్టాండులోనే ఎవురో చదివి చెప్పినారంట. ఇంటికొచ్చి ఒక్క మాటా అనలేదు మేడం. నాలుగు కొట్టింటే బాగుండేది. ఆ పొద్దు నుంచి నన్ను ఒంటరిగా యాడికీ పంపరు. నీళ్ళకు పోయినా ఎనక ఒకరు వస్తాండారు. ఎప్పుడో పదహారేండ్ల కింద పోయి వచ్చినదానికి ఇప్పుడు కాపలా."

పాప డిగ్రీ సంగతి నేను మీ ఆయనతో మాట్లాడతానన్నాను. నాకు తెలిసిన ప్రాయశ్చిత్తం అదొక్కటే.

"వద్దు మేడం. మీరు మాట్లాడితే ఉండేది గూడా పోతాది. దాని చదువు గురించి అడిగేదానికి నాకింగ నోరు యాడుండాది? నేను ఆ మాట ఎత్తితే చాలు, అదీ నీ మాదిరి చిక్కబళ్ళాపురం పోవల్లనా అంటాడు."

అత్త ఆకు నమలడం ఆపి నా వైపు చూసింది. నేను సోడా సీసా కింద పెట్టేశాను. లేవబోతుంటే తల్లి అడిగింది.

"ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దండి. మీ యమ్మను మీరు ఏమడిగినారు మేడం?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. టీచరు కూడా రాసే ఉంటుందని అనుకున్నట్టుంది. వారం రోజులు మా అమ్మ మంచం పక్కనే కూర్చుని కంట్లో మందు వేశాను. కంటికి కట్టు కట్టుకొని ఆమె పొద్దంతా ఊరికే పడుకొని ఉండేది. ఒక్క ప్రశ్న కూడా అడగాలని నాకు తోచలేదు. తోచి ఉంటే అడిగేదాన్నా అంటే, అదీ అనుమానమే. మా ఇంటి సంగతులు అలా ఉండనీ అనుకునే రకం నేను.

"ఏమీ అడగలేదమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. అంతలో ఎవరో చక్కెర కోసం వస్తే తూచడానికి లేచింది.

పిల్ల నన్ను బస్సు ఆగే చోటిదాకా సాగనంపడానికి వచ్చింది. ఫలితాలొచ్చాయని, ఫస్ట్ క్లాసని తనే చెప్పింది. అర్జి పెట్టావా అంటే, "నాన్న తేలేదు మేడం. ఆఖరు తేదీ అయిపోయింది" అంది. వచ్చే ఏడు పెట్టొచ్చులే అన్నాను. నా మాట నాకే బోలుగా వినబడింది.

"అమ్మ తిట్టిందా?" అని అడిగాను.

"లేదు మేడం. ఒక్క మాటా అనలేదు. తల దువ్వుతాది, తిన్నావా అంటాది. అంతా బాగానే ఉండాది." దూరంగా దుమ్ము లేచింది, బస్సు వస్తోంది. "ఆ పొద్దు అది చెప్పినంక, వారం దినాలు మాయమ్మ రోజూ ఏదో ఒకటి చెప్తాండె మేడం. చిన్నప్పుడు యాడ ఆడుకున్నింది, ఎవురితో కొట్లాడింది, పెండ్లినాడు ఎందుకు ఏడ్చింది, నేను అడగకుండానే చెప్తాండె. నేను రాసుకోలేదు, ఊరికే వింటాంటి."

బస్సు ఆగింది. కండక్టర్ ఎక్కమని కేకేశాడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు, నన్ను వదిలి వెనక్కీ పోలేదు.

"ఇప్పుడు నేను పోయి పక్కన కూర్చుంటే, మాయమ్మ ముందు నా చేతుల పక్క చూస్తాది మేడం. పెన్నుండాదేమో అని."